ఈగ వాలని స్నో డబ్బా

గోనెపాలెం పురపాలక సంఘంలో ఆ ఏడాది ఈగలకు ఉద్యోగాలు వచ్చాయి. డిగ్రీలు చదివిన కుర్రాళ్ళు అప్పటికింకా అరుగుల మీదే ఉన్నారు గాని, ఈగలకు మాత్రం గాజుపెట్టె, బెల్లం పానకం, ఆదివారం సెలవు మంజూరయ్యాయి.

కమిషనర్ చిదంబరేశ్వరరావుగారు పట్నంలో ఒక సదస్సుకు వెళ్ళి రావడం దీనికంతటికీ మూలం. అక్కడ ఒక పెద్దమనిషి వేదిక మీద అరటిపండు ముక్కనూ, మొహానికి రాసుకునే క్రీమునూ పక్కపక్కన పెట్టాడట. పండు మీద ఈగలు వాలాయి, క్రీము మీద వాలలేదు. ఈగకున్న తెలివి మనకు లేకపోయిందని ఆయన కళ్ళు ఒత్తుకున్నాడట. క్రీములూ షాంపూలూ గడ్డం సబ్బులూ పాడవకుండా కంపెనీలవాళ్ళు వాటిలో నిల్వమందులు కలుపుతారనీ, నిల్వ ఉండేదంతా విషమేననీ, కుళ్ళిపోవడమే స్వచ్ఛతకు గుర్తనీ చెప్పాడట. కమిషనర్‌గారు చప్పట్లు కొట్టి, భోజనాల దగ్గర ఆవకాయ రెండుసార్లు వడ్డించుకుని, ఊరికి వచ్చి ఉత్తర్వు రాయించారు.

"ఇందుమూలముగా పురజనులకు తెలియజేయడమేమనగా, ఈగ వాలని ఏ లేపనమునూ, ద్రవమునూ, చూర్ణమునూ పురపాలక పరిధిలో అమ్మరాదు, కొనరాదు, పూయరాదు, దాచరాదు. అట్టివి చెత్తదిబ్బలో పాతిపెట్టబడును."

గోడలన్నిటి మీదా 'ఈగ ముట్టనిది మనిషి ముట్టరాదు' అని ఎర్రరంగుతో రాశారు. రాసిన రంగు మీద కూడా ఈగలు వాలలేదు. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఉత్తర్వుతో అందరికన్నా ఎక్కువ తలకిందులైనవాడు శానిటరీ ఇనస్పెక్టరు యోహాను. సర్వీసంతా ఈగల్ని చంపి జీతం తీసుకున్నవాడు. ఇప్పుడు వాటిని పెంచాలి. మందు కొట్టే డబ్బా అటక ఎక్కింది. ఈగలకు కొరత రాకుండా మార్కెట్టు వెనకాల చెత్త ఎత్తడం మానేశారు. పాత అలవాటుకొద్దీ ఎవరైనా ఎత్తబోతే, ప్రభుత్వ ఉద్యోగుల పోషణకు ఆటంకం కలిగించినట్టు భావిస్తామని కమిషనర్‌గారు హెచ్చరించారు.

మార్కెట్టు సందులో పేరిందేవికి ఒక ఫ్యాన్సీ కొట్టుంది. గాజులు, రిబ్బన్లు, కాటుక డబ్బాలు, పౌడర్లు. ఆ కొట్టు నిజానికి ఆమె తోడికోడలు మంగతాయారుది. పెళ్ళైన కొత్తల్లో ఇద్దరూ ఒకే వంటింట్లో, ఒకరి వీపు ఒకరు చూసుకుంటూ, మాటల్లేకుండా చాలాకాలం వంటలు చేశారు. మొగుళ్ళిద్దరూ పోయాక మిగిలింది ఒకరికొకరు. అప్పుడు మాటలు మొదలై ఇంక ఆగలేదు. కొట్టు పెట్టాక మంగతాయారే పేరిందేవికి సబ్బు అట్టల మీదా పౌడరు డబ్బాల మీదా వేలు పెట్టి అక్షరాలు నేర్పింది. అందుకే పేరిందేవి ఈనాటికీ కాగితమ్ముక్క కనబడితే చదవకుండా పారెయ్యదు.

మంగతాయారుకో అలవాటు ఉండేది. మొహానికి రాసుకునే స్నో డబ్బా ఒకటి మూత తీసి బల్ల మీద ఉంచేది. కొన్నా కొనకపోయినా కొట్టుకు వచ్చిన ఆడమనిషి మణికట్టు మీద కొంచెం రాసి, వాసన చూడమనేది. ఆరేళ్ళ కింద ఒక పొద్దున అలాగే ఎవరికోసమో వేలితో స్నో తీస్తూ, గుండెలో ఏదో పట్టేసినట్టుందని కూలబడింది. ఆటోలో ఎక్కించేటప్పుడు, "పేరిందేవీ, డబ్బా మూత బిగించు, వాసన పోతుంది" అంది. ఆసుపత్రి నుంచి తిరిగి రాలేదు.

పేరిందేవి మూత బిగించింది. ఆ తరవాత దాన్ని ఎవ్వరికీ రాయలేదు. తెల్లటి స్నోలో మంగతాయారు చూపుడువేలు తవ్విన గుంట అలాగే ఉంది. చివర గోరు ఆనిన చోట చిన్న గీత కూడా ఉంది. పేరిందేవి మామూలుగానే భయస్తురాలు. ఎవరు వెళ్ళొస్తానన్నా మళ్ళీ వస్తారో రారోనని బెంగ. రిబ్బను కొనుక్కుని వెళ్ళేవాళ్ళను కూడా సందు మలుపు తిరిగేదాకా చూస్తుంది. రోజూ దీపం పెట్టాక డబ్బా మూత తీసి, గుంట ఉందో లేదో చూసుకుని, మళ్ళీ బిగించి, దేవుడి పటం పక్కన పెడుతుంది. ఇంత పెద్ద లోకంలో చెప్పాపెట్టకుండా వెళ్ళిపోనిది అదొక్కటే ఆమెకు.

యోహాను గాజుపెట్టె చంకలో పెట్టుకుని కొట్టుకు వచ్చాడు.

"ఏవనుకోకండమ్మా. ఈగల్ని తీసుకొచ్చేను."

"నా కొట్టుకి ఈగల్ని మోసుకురావడవేంటయ్యా? పొద్దున్నించీ తోల్లేక చస్తుంటే."

"అయ్యి ప్రైవేటువండి. ఇయ్యి గవర్నమెంటువి."

పరీక్ష మొదలైంది. ఒక్కొక్క సరుకునూ పెట్టె లోపలికి తోసి, యోహాను చేతిగడియారం చూసి, ఫలితం పైకి చదివాడు. సబ్బు ఫెయిలు. పౌడరు ఫెయిలు. కాటుక ఫెయిలు. షాంపూ పొట్లాన్ని చింపి పెడితే ఈగలు పెట్టె ఆ మూలకు వెళ్ళి కూర్చున్నాయి. మొత్తం కొట్టులో ఒక దువ్వెన మాత్రం పాసైంది. అంతకుముందే జిలేబీ తింటున్న పిల్ల ఒకతె దాన్ని పట్టుకుని చూసింది.

"ఈ దువ్వెన నిరపాయకరమండి. అమ్ముకోవచ్చు," అన్నాడు యోహాను. అప్పుడు అతని చూపు దేవుడి పటం పక్కకు పోయింది.

అది సరుకు కాదని పేరిందేవి చెప్పింది. అక్కదని చెప్పింది. యోహానుకు మంగతాయారు తెలుసు. పెళ్ళిచూపులకు వెళ్తున్ననాడు ఆవిడే పిలిచి మొహానికి స్నో రాసి పంపింది. కాని ఉత్తర్వులో దాచరాదు అన్న మాట ఉంది. పేరిందేవి మూత తీసింది. అతను గుంటను చూసి, టోపీ తీసి పక్కన పెట్టాడు. డబ్బాను పెట్టెలోకి పెట్టాడు. ఒక ఈగ అంచుదాకా నడిచి వచ్చి, కాళ్ళు రుద్దుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

యోహాను గొంతు తగ్గించాడు. "కొంచెం బెల్లం నీళ్ళు పైన పులమండమ్మా, వాల్తాయి. ఊరంతా అదే చేత్తన్నారు. నేను అటు తిరుగుతాను."

అతను నిజంగానే అటు తిరిగాడు. పేరిందేవి బెల్లం తడిపి వేలికి అంటించుకుంది. వేలు డబ్బా దాకా వచ్చింది. పులమాలంటే అక్క వేలు పడ్డచోట తన వేలు పడాలి. గీత చెరిగిపోతుంది. కాపాడుకోవడానికి చెరపాలి, చెరపకపోతే తీసుకుపోతారు. ఆమె వేలు గాల్లోనే ఉండిపోయింది. ప్రైవేటుదో గవర్నమెంటుదో ఒక ఈగ వచ్చి దాని మీద వాలింది.

"నా వల్ల కాదయ్యా," అంది.

కమిషనర్‌గారికి మొరపెట్టుకోమని చెప్పి, యోహాను డబ్బాను తన జేబురుమాల్లో చుట్టి పట్టుకెళ్ళాడు. పేరిందేవి అతని వెనకాలే సందు చివరిదాకా నడిచి, "మూత బిగించేవా?" అని అడిగింది.

ఆ తరవాత ఊరు ఒక పద్ధతిలో పడింది. కొట్లవాళ్ళు తెచ్చిన క్రీముల్లోనే బెల్లం కలిపి పాసు చేయించుకున్నారు. నిల్వమందుకు తోడు తీపి కూడా చేరింది. పురపాలక సంఘం తన సొంత లేపనం తయారుచేసి, అరటిపండు, పెరుగు, సెనగపిండి, తేనె కలిపి, పొద్దున్నే రిక్షాల మీద వీధివీధికీ పంపింది. దాని పేరు 'తాజా'. పొద్దున తాజాగానే ఉండేది. మధ్యాహ్నానికి పులిసేది. సాయంత్రానికి రిక్షా వెళ్ళిన దారి కళ్ళు మూసుకున్నా తెలిసేది. నీళ్ళ బకెట్టు కూడా తోమకుండా కలిపేవారు, తోమితే సబ్బు అంటుకుంటుందని.

మొహం మీద ఈగలు ముసరడం గౌరవమైంది. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురి బుగ్గ మీద వాలిన ఈగను తోలబోయిన మేనత్తను మగపెళ్ళివారు తప్పుపట్టారు. ఈగ లేని మొహంతో ఆఫీసుకు వచ్చిన గుమాస్తాకు సంజాయిషీ నోటీసు ఇచ్చారు. అతను ఏమీ రాసుకోవడం లేదని చెప్పుకుంటే, ఏమీ రాసుకోకపోయినా ఈగ వాలడం లేదంటే లోపల ఎంత నిల్వ ఉందోనని కమిషనర్‌గారు విచారించారు.

తరవాత పొక్కులు మొదలయ్యాయి. ముందు బుగ్గల మీద, ఆ పైన కనురెప్పల మీద. చీము కారేది.

పేరిందేవి మొరపెట్టుకోవడానికి వెళ్ళిననాడు కమిషనర్‌గారి గదిలో పురపాలక ఆరోగ్యాధికారి డాక్టర్ జీనత్ ఉంది. తలుపు తీసే ఉంది గనక బయట బల్ల మీద కూర్చున్న పేరిందేవికి అంతా వినబడింది. ఆ డాక్టరమ్మ చెప్పింది పెద్ద విషయమేమీ కాదు. నిల్వమందుల్లో కొన్ని కొందరికి పడవు, దద్దుర్లు వస్తాయి, అది నిజమే. కొన్నిటి మీద అనుమానాలున్నాయి, అందుకే ఏది ఎంత కలపవచ్చో హద్దులు పెట్టారు. హద్దు దాటినవాణ్ణి పట్టుకోవడానికి పరీక్షశాలలున్నాయి, ఈగలు అక్కర్లేదు. కాని నీళ్ళున్న లేపనంలో నిల్వమందు లేకపోతే క్రిములు పుడతాయి, ఆ క్రిములే ఇప్పుడు ఊరి మొహం మీద ఉన్నాయి.

"డాక్టరుగారూ, ఇవి మంచివా, చెడ్డవా? ఒక్క ముక్కలో సెలవియ్యండి," అన్నారు కమిషనర్‌గారు.

"ఎంత కలిపారన్నదాన్ని బట్టి ఉంటుందండీ."

"మీరు రెండువైపులా మాట్లాడుతున్నారు. పరిపాలనకు ఒకే వైపు ఉంటుంది." ఆయన తన గడ్డం మీది పొక్కును మెల్లగా తడుముకున్నారు. "వీటిని పొక్కులని వ్యవహరించరాదు. ఇవి విషనిర్గమన ద్వారములు. లోపలి నిల్వ బయటికి పోవుచున్నది. ఎవరికెన్ని ఉంటే వారు అంత పరిశుద్ధులగుచున్నారని భావించవలెను."

అప్పుడు పేరిందేవిని పిలిచారు. డబ్బా కమిషనర్‌గారి బల్ల మీద, మూత లేకుండా, ఫైళ్ళ పక్కన ఉంది. ఆమెకు ముందు కనబడింది ఆ మూత లేకపోవడం. దానికోసం అటూ ఇటూ వెతికి, పేపర్‌వెయిట్ కింద ఉంటే తీసి చేతిలో పట్టుకుంది. అది అమ్మడానికి కాదనీ, రాసుకోవడానికి కాదనీ, ఊరికే చూసుకోవడానికనీ చెప్పింది. ఆ గుంట ఎవరిదో చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆయన శ్రద్ధగా విన్నారు. పెద్ద అధికారులకు వినడంలో మంచి తర్ఫీదు ఉంటుంది.

"అనగా మీ తోడికోడలుగారు పరమపదించి ఆరు సంవత్సరములైనను, ఈ పదార్థము నేటికీ చెడలేదని మీరే ఒప్పుకుంటున్నారు."

"చెడలేదండి. అందుకేనండి ఉంచుకున్నాను."

"చూశారా డాక్టరుగారూ. మనిషి పోయినది, ఇది పోలేదు. ఇంతకుమించి సాక్ష్యం ఏమి కావలెను?"

జీనత్ అడ్డుపడింది. ఆరేళ్ళ కిందటి స్నో ఎవరైనా మొహానికి రాసుకుంటానంటే తానే వద్దంటానని, ఈవిడ రాసుకోవడం లేదు గదా అని అంది. కమిషనర్‌గారు చెయ్యెత్తి ఆపి తీర్పు చెప్పారు. ఈ డబ్బాను దిబ్బలో పాతించడం లేదు. అవార్డు ఇవ్వడానికి రాష్ట్రస్థాయి బృందం వస్తోంది గనక వారికి చూపడానికి ఉంచుతారు. కుళ్ళిన వెంటనే నిరపాయకరమైనదిగా గుర్తించి యజమానురాలికి తిరిగి ఇచ్చేస్తారు.

"కుళ్ళేక నేనేం చేసుకుంటానండి?" అంది పేరిందేవి.

ఆయనకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. వెళ్ళబోతూ ఆమె డబ్బాకు మూత పెట్టింది. పరిశీలనకు గాలి తగలాలని ఆయన తీసేశారు.

'నిల్వ రహిత పట్టణం' అవార్డు ఇచ్చే రోజు రానే వచ్చింది. పొద్దున్నే యోహాను కొట్టు ముందు నిలబడ్డాడు. అయ్యగారు డబ్బా విషయంలో పిలుస్తున్నారన్నాడు. అతను ఆమె మొహంకేసి చూడలేదు. పేరిందేవి అది గమనించలేదు. ఇచ్చేస్తున్నారేమోనన్న ఆశతో, డబ్బాను చుట్టడానికి ఉతికిన గుడ్డ ఒకటి తీసుకుని అతని కన్నా ముందు నడిచింది.

కమిషనర్‌గారి గది గుమ్మంలో అడుగు పెట్టేసరికి అక్క వాసన వచ్చింది. కొట్టు తెరిచిన పొద్దుల వాసన, మణికట్టు మీద చల్లగా తగిలిన వాసన. లోపల మంగతాయారు కూర్చుని ఉందేమోనని ఆమె ఒక్క క్షణం తలుపు పట్టుకుని ఆగిపోయింది.

లోపల చిదంబరేశ్వరరావుగారున్నారు. నిన్నటిదాకా పొక్కులతో ఎర్రగా ఉబ్బిన మొహం తెల్లగా, మందంగా, సున్నం కొట్టిన గోడలా ఉంది.

"రండి. ఫోటోలు, టీవీవారు వచ్చుచున్నారు. నా ముఖమునందు ద్వారములు అధికముగా ఉన్నందున, పట్టణ ప్రతిష్ఠ దృష్ట్యా కప్పవలసివచ్చినది. ఊళ్ళో పాడవని లేపనము మరి ఎచ్చటనూ దొరకలేదు. మన శాఖ అంత సమర్థంగా పనిచేసినది. అందుచే మీ వస్తువును ప్రజాప్రయోజనార్థము వినియోగించడమైనది. మీ తదనంతర అంగీకారము కోరడమైనది."

పేరిందేవి డబ్బాకేసి చూడలేదు. ఆయన బుగ్గకేసి చూస్తూ అడిగింది.

"అక్క వేలు పెట్టిన చోటే తీసేరా అయ్యా?"

"అచ్చట గుంట ఉండుటచే తీయుటకు వీలుగా ఉన్నది," అన్నారాయన.

ఆమె తెచ్చిన గుడ్డను మడత మీద మడత పెట్టి, ఇంకా మడత పడనంత చిన్నది చేసి, నడుం దగ్గర దోపుకుంది. అంగీకారం ఉన్నట్టు భావిస్తున్నామని వెనకనుంచి ఆయన అన్నారు.

సభ మునిసిపల్ హైస్కూలు మైదానంలో. పందిరి నిండా జనం, జనం నిండా పొక్కులు, పొక్కుల నిండా ఈగలు. రాష్ట్రస్థాయి బృందం నాయకుడు ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకునే పట్టణం ప్రకృతికి ఎంత దగ్గరైందో వివరించాడు. దేశమంతా చెప్పుకుంటున్న ఈగ పరీక్షను తాను కళ్ళారా చూడాలన్నాడు. ఏదో ఒక సరుకు మీద కాదు, ఇంతటి సంస్కరణ తెచ్చిన మహనీయుడి మీదే చేసి చూపించమన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లకు లేచిన ఈగలు మళ్ళీ ఎవరి మీదివి వారి మీద వాలాయి.

కమిషనర్‌గారు ఏదో అనబోయారు. అప్పటికే యోహాను గాజుపెట్టె తెచ్చి, ఆయన మొహం ముందు తలుపు ఎత్తాడు.

ప్రభుత్వ ఈగలు బయటికి వచ్చాయి. ఆయన ముక్కు ముందు ఒక చుట్టు తిరిగాయి. తరవాత నాయకుడి పూలదండ మీద కొన్ని, లడ్డూల పళ్ళెం మీద కొన్ని, మొదటి వరుసలో కూర్చున్న పుర ప్రముఖుల గడ్డాల మీద కొన్ని, అవార్డు మీద రెండు వాలాయి. చిదంబరేశ్వరరావుగారి మొహం మీద ఒక్కటి కూడా వాలలేదు. యోహాను గడియారం చూశాడు. ఇన్నాళ్ళ అలవాటు నోట్లోంచి వచ్చేసింది, మైకు దగ్గరే ఉంది.

"ఫెయిలండి."

ఆడవాళ్ళ వరుసలోంచి పేరిందేవి లేచింది. జనంలో లేచి మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

"ఈగ వాలనిదాన్ని దిబ్బలో పాతిపెట్టాలని ఉత్తర్వులో రాయించేరు గదండీ. నేను చదివేను. మరి అయ్యగారిని ఏ దిబ్బలో పెడతారు?"

ముందు ఎవరో పిల్లవాడు నవ్వాడు. తరవాత నవ్వితే పొక్కులు నొప్పెట్టేవాళ్ళు కూడా బుగ్గలు పట్టుకుని నవ్వారు. డాక్టర్ జీనత్ మాత్రం నవ్వలేదు. ఆమె ఆ మొహంకేసి చూస్తూ, కడుక్కోమని ఆయనకు ఎప్పుడు చెప్పాలా అని ఆలోచిస్తోంది.

పాలకులకు సిగ్గు ఉంటుందేమోనని కనిపెట్టుకుని కూర్చున్నవాళ్ళు ఇళ్ళకు ఆలస్యంగా వెళ్ళారు. కమిషనర్‌గారు మైకు అందుకుని, పరీక్ష పదార్థములకే గాని పదవులకు వర్తించదని వేదిక మీదే ఉత్తర్వును సవరించారు. అవార్డు ఇచ్చేశారు. ఈగలను తోలి ఇచ్చారు. నెల తిరక్కుండా ఆయనకు పట్నంలో ఇంకా పెద్ద శాఖ దొరికింది. ఈగలు గోనెపాలెంలోనే ఉండిపోయాయి. యోహాను అటక మీంచి మందు కొట్టే డబ్బా దింపాడు.

సభ ముగిసిన సాయంత్రమే అతను స్నో డబ్బానూ దాని మూతనూ ఆమె కొట్టుకు తెచ్చి ఇచ్చాడు. బల్ల మీద పెట్టి నిలబడ్డాడు.

"నువ్వెళ్ళిరా నాయనా," అంది పేరిందేవి. ఆ రోజు ఆమె అతని వెనకాల సందు మలుపుకేసి చూడలేదు.

డబ్బా నిండా మూడువేళ్ళ వెడల్పున లోతుగా తవ్విన గాడి ఉంది. అంచు దగ్గర ఎక్కడైనా గోటి గీత మిగిలిందేమోనని దీపం దగ్గరగా పెట్టుకుని చూసింది. ఒక పక్కనుంచి చూస్తే ఉన్నట్టుంది, ఇంకో పక్కనుంచి లేదు. కళ్ళకు నమ్మకం చాలక, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

అది మాత్రం ఉంది. గదిలోకి జారిపోతూ ఉంది.

పేరిందేవి గబగబా మూత తీసుకుని, రెండు చేతులతో బలంకొద్దీ బిగించింది.